ప్రత్యర్థుల గ్యాలరీలో మామగారు

పొద్దున్నే హోటల్ గదిలో మంచం మీద రెండు పసుపు చొక్కాలు పరిచి, మామగారు గోడతో మాట్లాడటం మొదలుపెట్టారు.

"పరాయి దేశానికి ఫుట్‌బాల్ చూడ్డానికి వచ్చినవాళ్ళు సొంత జట్టు రంగు వేసుకుని వీధుల్లో తిరగకూడదు. రెండు జట్లదీ కాని సాదా పసుపు చొక్కా వేసుకోవాలి. టికెట్టూ పాస్‌పోర్టూ ఒకే జేబులో పెట్టకూడదు. సీట్లో కూర్చునేదాకా నోరు విప్పకూడదు."

ఆ సలహాలు గోడకు కాదని ఎలక్ట్రీషియన్ అల్లుడికి తెలుసు. తనకు చెప్పకుండా కూతురు రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నప్పటి నుంచీ ఆయన అల్లుడితో నేరుగా మాట్లాడరు. ఏదున్నా "మీ ఆయనకి చెప్పమ్మా" అనడమే. ఈసారి కూతురికి ఆసుపత్రిలో సెలవు దొరకలేదు. "మధ్యలో నేను లేకపోతే చచ్చినట్టు మీరే మాట్లాడుకుంటారు" అని ఇద్దరినీ సాగనంపింది. మామగారు గోడను చూసుకున్నారు.

ఆయన తమ ఊరి జట్టు అభిమానుల సంఘానికి కార్యదర్శి; ఇవే సలహాలు సభ్యులందరికీ ముందే పంపారు. ఆ జట్టు పరాయి గడ్డ మీద గెలిచిన పాపాన పోలేదు.

స్టేడియం దగ్గరి స్టేషన్లో రైలు దిగేసరికి అల్లుడి కాళ్ళు ఆగిపోయాయి. వీధి వీధంతా పసుపు. అవతలి జట్టుది ఎప్పుడూ ఎరుపే. నూరేళ్ళ వేడుకని ఆ ఒక్క ఆటకూ తాతలనాటి పసుపు రంగుకు మారారట.

"మావయ్యగారూ, చొక్కాలు మార్చుకుందామా?"

"కొందరికి అన్నిటికీ తొందరే" అని మామగారు దీపస్తంభంతో అన్నారు.

అంతలో ఓ బొద్దు మీసాలాయన వచ్చి మామగారిని కావలించుకుని, మెడలో తమ జట్టు కండువా వేశాడు. కాదందామంటే భాష బయటపడుతుంది. చుట్టూ జనం పాడుతుంటే మామగారు కక్కలేక మింగలేక పెదవులు కదిపారు.

అతిథుల గేటు దగ్గర కాపలాదారు పసుపు చొక్కాలూ కండువా చూసి తల అడ్డంగా ఊపాడు. అల్లుడు టికెట్లు చూపించాడు. ఇలాంటి వేషాలు చాలా చూశాంలే అన్నట్టు నవ్వి, అతను ఇద్దరినీ చేయి పట్టుకుని తీసుకెళ్ళి ప్రత్యర్థుల గ్యాలరీలో కూర్చోబెట్టాడు. పక్క సీట్లో మీసాలాయనే.

ఎదురుగా అతిథుల గ్యాలరీ వెలవెలబోతోంది.

"ఇంత దూరం వస్తామన్నారు. మన సంఘంవాళ్ళు ఒక్కరూ రాలేదు" అన్నారు మామగారు, ముందు కుర్చీతో.

"నేను వచ్చాను కదండీ" అన్నాడు అల్లుడు మెల్లగా.

ఈసారి ఆయన మొహం తిప్పుకోలేదు.

ఆట ముగుస్తుందనగా మామగారి జట్టు గెలుపు గోల్ కొట్టింది. మామగారు సలహాలన్నీ గాలికొదిలి లేచి గంతేశారు. "గోల్! చూశావా అల్లుడూ, చూశావా?" అంటూ అతన్ని వాటేసుకున్నారు.

పసుపు తలలన్నీ ఇటు తిరిగాయి. అల్లుడి పై ప్రాణాలు పైనే పోయాయి. సరిగ్గా అప్పుడే వెనక వరసలో ఇంకెవరో తమ భాషలోనే అరిచారు. ఆ పక్కన మరొకరు. చూస్తుండగానే సంఘం సంఘమంతా లేచి నిలబడింది, ఒంటి మీద సాదా పసుపు చొక్కాలతో. కార్యదర్శిగారి మాట జవదాటిన సభ్యుడు ఒక్కడూ లేడు. కాపలాదారు అందరినీ ఇటే తోలేశాడు.

మీసాలాయన కాసేపు నోరు వెళ్ళబెట్టి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వి, తనూ లేచి చప్పట్లు కొట్టాడు.

మర్నాడు ఆ ఊరి పత్రికలో మామా అల్లుళ్ళ ఫొటో పెద్దగా పడింది. కింద రాసిన దానికి హోటల్ గుమాస్తా గర్వంగా అర్థం చెప్పాడు: ఓడిపోయినా ప్రత్యర్థికి జేజేలు కొట్టిన మన అభిమానుల పెద్ద మనసు.