ఒక్కరికి సరిపడే టార్పాలిన్

అయితే టూత్‌బ్రష్‌కు అంత పొడుగు పిడి ఎందుకు? పళ్లు తోమేది కుచ్చు కదా, పిడి కాదు కదా! ఏ పనీ చేయని పిడిని గోదావరి ఒడ్డు పొడుగునా వీపున మోసుకు తిరగాలా?

నాచారంలో తన ఇంటి వంటగదిలో, పిండి తూచే చిన్న కాంటా ముందు నిలబడి శాంసన్ ఈ ఆలోచన దగ్గర ఆగాడు. తర్వాత కూరగాయల కత్తి తీసుకుని పిడిని సగానికి కోసేశాడు. మిగిలిన బ్రష్‌ను మళ్లీ కాంటా మీద పెట్టాడు. అంకె తగ్గింది. ఉక్కపోతగా ఉన్న గదిలో ఎవరో కిటికీ తెరిచినట్టు అతనికి హాయిగా అనిపించింది.

నవ్వకండి! ఈ రచయిత పూర్తిగా శాంసన్ పక్షం.

మన కాలానికి దక్కిన వరాల్లో గొప్పది ప్రయాణం కాదు, ప్రయాణపు ప్లానింగ్. అందులోనూ తేలిక సామానుతో చేసే ప్రయాణపు ప్లానింగ్. ప్రయాణంలో ఏముంది? దోమలుంటాయి. కాళ్లకు బొబ్బలుంటాయి. రెండో పూటకే మొహం ముడుచుకునే స్నేహితులుంటారు. ప్లానింగ్‌లో ఇవేవీ ఉండవు. సోఫాలో కూర్చునే వాగు దాటవచ్చు. వాన పడితే ఫ్యాను కాస్త తగ్గించుకుంటే చాలు. శాంసన్ రెండేళ్లుగా గోదావరి ఒడ్డున నడుస్తూనే ఉన్నాడు, ఒక్క బొబ్బ కూడా లేదు! ఇంత క్షేమకరమైన సాహసాన్ని మీరెక్కడైనా చూశారా?

నది కావాలంటే ఇంటి పక్కనే మూసీ ఉంది కదా, ఉప్పల్ నుంచి ఆటోలో వెళ్లవచ్చు కదా అంటారేమో. ఉంది. నాగోలు వంతెన మీద బండ్లన్నీ ఎందుకంత వేగంగా పోతాయో ముక్కున్న ప్రతివాడికీ తెలుసు. ఆ నది ఒడ్డున ప్లానింగ్ కుదరదు. అందుకే శాంసన్ మంథని అవతల, ఇసుక తిన్నెల పక్క నుంచి సాగే కాలిదారిని ఎంచుకున్నాడు. పగలంతా నడక. పొద్దు వాలగానే ఒడ్డున మకాం.

మకాం అంటే గుడారం అనుకునేరు. ఛీ! గుడారానికి గోడలుంటాయి. గోడలంటే బరువు. తేలిక ప్రయాణికుడు టార్ప్ కింద పడుకుంటాడు. టార్ప్ అంటే పైన ఒక గుడ్డ, మూలలకు నాలుగు తాళ్లు, మిగతాదంతా నమ్మకం.

ఈ విద్యలో శాంసన్‌కు గురువు ఉమామహేశ్వర్. ఇద్దరూ ఒకే ప్రభుత్వ రంగ సంస్థలో, ఒకే డిజైన్ సెక్షన్‌లో పనిచేస్తారు. మిల్లీమీటరులో పదో వంతు తేడా వస్తే అన్నం మానేసే మనుషులు. అలాంటివాళ్ల చేతికి వీపుసంచి దొరికితే ఏమవుతుందో ఊహించుకోండి! లంచ్ అవర్లో టిఫిన్ డబ్బాలు తెరవకముందే సంచి లెక్క మొదలవుతుంది.

"దువ్వెన ఎందుకోయ్ నీకు?" అన్నాడు ఉమామహేశ్వర్ ఓ రోజు. ఆయనది గుంటూరు వైపు.

"మీకైతే అవసరం లేదు సార్..." అంటూ శాంసన్ ఆయన నున్నటి తల వంక చూశాడు.

"చూశావా? నేనెప్పుడో తగ్గించేశాను!" అని ఆయన గర్వంగా తల నిమురుకున్నాడు. "సబ్బు సగం చెయ్. తువ్వాలు పావు చెయ్. చొక్కా రెండోది ఎందుకు, అక్కడ నిన్ను చూసేదెవరు? ప్రతి వస్తువునూ ఒకటే ప్రశ్న అడుగు. నువ్వు లేకపోతే నేను చస్తానా? చావను అని తేలితే తీసి అవతల పెట్టు."

తేలిక ప్రయాణం గురించి ఇంత తెలిసిన ఉమామహేశ్వర్ ఇంతవరకు ఎక్కడికీ వెళ్లలేదు. ఉప్పల్ మెట్రో స్టేషన్లో మెట్లు చూస్తే లిఫ్టు వైపు తిరుగుతాడు. వెళ్లొచ్చినవాడికి తెలిసేది ఒక్క నదే. వెళ్లనివాడికి అన్ని నదులూ తెలుస్తాయి! ఎంత దూరదృష్టి!

టార్ప్ కోసం శాంసన్ మొదట ఉప్పల్ మార్కెట్‌కే వెళ్లాడు. దుకాణం ముందు నీలం రంగు టార్పాలిన్ల చుట్టలు మనిషెత్తున నిలబెట్టి ఉన్నాయి.

"లారీకా, వడ్లకా?" అని అడిగాడు దుకాణం బిక్షపతి.

"పండుకోనీకి."

బిక్షపతి కొలత టేపు అందుకున్నాడు. "ఎంతమంది అన్న?"

"ఒక్కన్నే."

"ఒక్కనికి టార్పాలిన్ ఏందన్న? గొడుగు కొనుక్కో!"

పక్కన తాళ్లు చుడుతున్న పనివాడు పకపకా నవ్వాడు. అజ్ఞానుల నవ్వు జ్ఞానులనేం చేస్తుంది? శాంసన్ ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాడు. వారానికి వచ్చింది. ఉల్లిపొర లాంటి గుడ్డ. మడిస్తే పిడికిట్లో ఇమిడిపోతుంది. దాంతోపాటు నారింజ రంగు సన్నతాడు ఒక చుట్ట. ఎంత సన్నగా ఉందంటే, శాంసన్ దాన్ని మెడలో వేసుకుని ఉన్న సంగతి మరిచిపోయి రెండుసార్లు ఇల్లంతా వెతికాడు.

ఇక రూతు సంగతి. రూతు శాంసన్ భార్య. ఉప్పల్లో ఓ ప్రైవేటు దవాఖానాలో నర్సు. బ్రష్ కోసిన రోజు సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చి, బాత్రూములో సగం బ్రష్ చూసి వంటింట్లోకి వచ్చింది.

"బ్రష్షును ఎలుక కొట్టిందా?"

"ఎలుక గాదు. బరువు తగ్గించిన."

"మంచిగున్నది. ఆ కాంటా జర తుడిచి పెట్టు, పొద్దున పిండి తూసుకోవాలె." ఫ్రిజ్‌కు ఆనుకుని నీళ్లు తాగింది. తాగిన గ్లాసును చేతిలోనే తిప్పుతూ అంది, "మంథని దిక్కే గదా నువ్వు పొయ్యేది? నేను గూడ వస్త."

"నువ్వా? ఆడ మంచముండదు, బాత్రూముండదు."

"నేను ఆ ఒడ్డుకే పుట్టిన. గప్పుడేమన్న బాత్రూముండెనా?"

"టార్పు ఒక్కరికే సరిపోతది రూతూ."

"పెద్దది కొను."

"పెద్దదంటే బరువైతది. దానికి తాళ్లు, మేకులు. మళ్ల ఇంకో చాప, ఇంకో గిలాస..."

"గిలాస గూడ బరువేనా! అయితే నన్ను గూడ ఆ కాంటా మీదికెక్కించు. ఎంతుంటనో సూసి చెప్పు." అని నవ్వి, గ్లాసు కడిగి బోర్లించి స్నానానికి వెళ్లిపోయింది.

మళ్లీ అడగలేదు. అమ్మ పోయాక పుట్టిన ఊళ్లో రూతుకు ఎవరూ మిగల్లేదు. ఎవరూ లేని ఊరికి ఏ పేరు చెప్పి వెళ్తారు? అందుకని ఏళ్లుగా ఆమె ఆ ఒడ్డు చూడలేదు. ఈ సంగతి శాంసన్‌కు తెలుసు. తెలిసిన సంగతులకు కాంటా మీద బరువుండదు, అదో సౌకర్యం!

మర్నాడు ఉప్పల్ చౌరస్తాలో సిగ్నల్ పడింది. ఆ సిగ్నల్ దగ్గర మనిషికి తన మనసులోకి దిగి, అడుగుదాకా వెళ్లి, పైకి తేలేంత సమయం దొరుకుతుంది. హెల్మెట్‌లోపల శాంసన్ దిగాడు. రూతు అడిగినప్పుడు అతని మనసులో ముందుగా మెదిలింది గ్రాములు కాదు. ఒక దృశ్యం. పైన గుడ్డ. పక్కన నది. టీవీ లేదు, కుక్కరు కూత లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. ఇద్దరే. చీకటి పడటానికి ఇంకా చాలా వ్యవధి ఉంది. ఇద్దరూ ఏం మాట్లాడుకోవాలి?

కూతురు ఫెబా వరంగల్ హాస్టల్‌కు వెళ్లినప్పటి నుంచి ఆ ఇంట్లో మాటలు కూడా సగానికి కోసినవే. గ్యాస్ బుక్ చేసినవా? చేసిన. నల్లా వచ్చిందా? వచ్చింది. తిన్నవా? తిన్న. వీటిని నది ఒడ్డుకు తీసుకెళ్తే ఎంతసేపొస్తాయి? నీళ్లు కాగేలోపు అయిపోతాయి!

వెనక లారీ హారన్ కొట్టింది. శాంసన్ గబుక్కున పైకి తేలి, గేరు మార్చి, దాని గురించి ఆలోచించడం మానేశాడు. దీన్ని భయం అనకండి. భయం పాత మాట. ఇప్పుడు దీన్ని బేస్ వెయిట్, అంటే సంచి అసలు బరువు, తగ్గించుకోవడం అంటున్నారు. ముందు దువ్వెన తీసేస్తాం, తర్వాత రెండో చొక్కా, తర్వాత రెండో గ్లాసు, తర్వాత రెండో గ్లాసుతో నీళ్లు తాగే మనిషి. సంచి తేలికవుతుంది. ఇంతకంటే వరమేముంది?

ఆ వారం కుటుంబ ప్రార్థన కూటం వంతు శాంసన్ ఇంటికొచ్చింది. సంఘంలో ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక్కో ఇంట్లో జరుగుతుంది. ఇల్లు చిన్నది కాబట్టి డాబా మీద చాపలు పరిచారు. వానాకాలం కాబట్టి నీళ్ల ట్యాంకుకూ మెట్ల గదికీ మధ్య పాత నీలం టార్పాలిన్ కట్టారు. లారీ మీద కప్పేది. దాన్ని పైకి మోయడానికి ఇద్దరు కావాలి. శాంసన్ ఒక కొస పట్టుకుంటూ ఇంత బరువేమిటని విసుక్కున్నాడు. రెండో కొస పట్టుకున్న రూతు ముందుగా మెట్లెక్కింది.

పాటలయ్యాయి. బైబిలు వాక్యం అయింది. అబ్బయ్య పాస్టరుగారు కళ్లజోడు తీసి, "ప్రార్థన మనవులేమన్న ఉన్నయా?" అని అడిగారు. ఒకావిడ మోకాళ్ల నొప్పి చెప్పింది. ఒకాయన కొడుకు ఇంటర్వ్యూ చెప్పాడు. అంతా వింటుంటే శాంసన్‌కు కూడా ఓ ఆలోచన తట్టింది. ఉల్లిపొర గుడ్డకు ఉన్న ఒకే ఒక్క శత్రువు గాలివాన.

"గోదారి ఒడ్డు పొంటి నడుసుకుంట పోదామనుకుంటున్న అయ్యగారూ. గా నాలుగు దినాలు వాన పడొద్దని ప్రార్థన చెయ్యున్రి."

"వాన పడొద్దనా!" ముందు వరసలో మరియా అత్త గిర్రున తిరిగింది. "ఊళ్లల్ల నాట్లు పడుతున్నయి. ఆళ్లందరు ఎండాల్నా ఏంది, నువ్వు నడుసుడు కోసం?"

నవ్వులు లేచాయి. పాస్టరుగారు చెయ్యెత్తి అందరినీ ఆపి కళ్లు మూసుకున్నారు. అందరూ మూసుకున్నారు. మోకాళ్లు అయ్యాయి, ఇంటర్వ్యూ అయింది. తర్వాత ఆయన గొంతు పెంచారు.

"ప్రభువా, నీ బిడ్డలు శాంసన్, రూతమ్మ, ఇద్దరు కల్సి ప్రయాణం పోతున్నరు తండ్రీ. వాన నీ ఇష్టం. కాని ఇద్దర్ని ఒక్క నీడ కింద కాపాడు తండ్రీ. రూతమ్మ పుట్టిన గడ్డ మీద ఆమె మళ్ల కాలు పెట్టేటట్టు చెయ్యి తండ్రీ..."

శాంసన్ కళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. ఎవరు చెప్పారీయనకు? ఎవరూ చెప్పలేదు. భార్య పుట్టిన ఊరి వైపు మనిషి ఒక్కడే వెళ్తాడన్న ఊహే ఆ డాబా మీద ఎవరికీ లేదు. ఆఫీసు డ్రాయింగ్‌లో తప్పుంటే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టవచ్చు. ప్రార్థనలో తప్పుంటే ఏం చేయాలి? అందరూ కళ్లు మూసుకుని ఉండగా మధ్యలో లేచి, 'అయ్యగారూ, ఒక్కన్నే' అని దేవుడికి సవరణ ఇవ్వాలా?

"ఆమెన్" అన్నారు అందరూ. చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు కొద్దీ శాంసన్ కూడా అన్నాడు. అన్నాక గాని ఏమన్నాడో తెలియలేదు. అందరి తర్వాత, ఒక్క క్షణం ఆలస్యంగా, రూతు గొంతు వినబడింది.

టీలు ఇచ్చేటప్పుడు మరియా అత్త రూతు చెయ్యి పట్టుకుంది. "గోదారి నీళ్లు ఒక సీసాల పట్కరా బిడ్డా." రూతు తల ఊపింది. ఖాళీ కప్పులు ట్రేలో సర్దుకుని శాంసన్ పక్కకు వచ్చింది.

"అయ్యగారు తెల్వక అన్నడు. నువ్వు ఫికర్ చెయ్యకు. పొయ్యిరా" అని మెల్లగా చెప్పి కిందికి దిగిపోయింది.

చూశారా! ఎంత తేలిగ్గా తేలిపోయింది! ఆమెన్ అన్న మాట కూడా సంచిలోంచి తీసి అవతల పెట్టేశారు, అదీ ఎదుటి మనిషే తీసి పెట్టింది. శాంసన్ ఎగిరి గంతేయాలి. ప్లానింగ్ పరిపూర్ణమైంది. ఇక తగ్గించడానికి ఏమీ లేదు. ఈ రచయిత కూడా ఇక్కడితో ముగించి, ఇలాంటి వరం మీ ఇంటికీ రావాలని దీవించవచ్చు.

కాని శాంసన్ గంతేయలేదు. టార్పాలిన్ కింద కాసేపు నిలబడి, మెట్లు దిగి గుమ్మం దగ్గరికి వచ్చాడు. అక్కడ కూటానికి వచ్చినవాళ్ల చెప్పులన్నీ కుప్పగా పడి ఉన్నాయి. ఇసుకలో నడవాలంటే రూతుకు మంచి బూట్లుండాలి కదా అన్న ఆలోచన అతని అనుమతి లేకుండానే వచ్చింది. ఆమె పాదం కొలత ఎంత? తన మేజోళ్ల బరువు గ్రాముతో సహా చెప్పగలడు. ఇది తెలియదు. సరే, చెప్పు తిరగేసి చూస్తే సరిపోతుంది కదా. వంగాడు. వంగి అలాగే ఉండిపోయాడు.

ఇన్ని జతల్లో రూతు చెప్పులు ఏవి?

నల్లవా? బూడిద రంగువా? రోజూ తన చెప్పుల పక్కనే ఉండేవి. ఒక్క జతనూ గుర్తుపట్టలేకపోయాడు.

"ఏం దేవులాడుతున్నవు నాయినా?" అంది మరియా అత్త, తన చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ.

"ఏం లేదత్తా."

గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక్కొక్కరే వచ్చారు. ఒక్కొక్క జతే వెళ్లిపోయింది. అందరికీ వందనాలు చెప్పాడు. పాస్టరుగారు చివరన వెళ్లారు. గుమ్మంలో రెండు జతలు మిగిలాయి. ఒకటి తనది.

రెండోదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. గోధుమ రంగు. దవాఖానా నేల మీద తిరిగి తిరిగి మడమ దగ్గర అరిగింది. తిరగేసి చూస్తే నంబరు కూడా చెరిగిపోయింది. వంటింట్లో కప్పులు కడుగుతున్న చప్పుడు వస్తోంది.

శాంసన్ జేబులోంచి నారింజ రంగు సన్నతాడు చుట్ట తీశాడు. కొసను మడమ దగ్గర బొటనవేలితో నొక్కిపట్టి, అరిగిన అడుగు మీదుగా వేళ్ల చివరిదాకా తాడును లాగి, అక్కడ పళ్లతో కొరికి తెంపాడు.