చెంచురామయ్య గారి ఇరవై ఎనిమిదో బ్యాట్

ఆ రోజు పొద్దున చెంచురామయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటి బస్సుకు పొదిలి నుంచి ఒంగోలు వెళ్ళడం, సుభానీ పాత సామాన్ల కొట్లో ఉన్న టెన్నిస్ బ్యాట్‌ను తీసుకోవడం, భార్య కోటేశ్వరి మధ్యాహ్నం కునుకు తీసే వేళకు పెరటి గుమ్మంలోంచి దూరి దాన్ని మంచం కిందికి తోసేయడం. అంతే. యాభై సీట్ల ఆర్టీసీ బస్సులో తొంభై మందిని సర్ది రిటైరైన కండక్టరుకి, ఒక బ్యాట్‌ను మంచం కింద సర్దడం ఏమంత గొప్ప పని?

చిక్కేమిటంటే, ఆ మంచం కింద అప్పటికే ఇరవయ్యేడు ఉన్నాయి. అన్నీ పాతకాలపు చెక్క బ్యాట్లు. పొగాకు కంపెనీల దొరలు ఆడి వదిలేసినవి, మూతపడ్డ క్లబ్బులవాళ్ళు తూకానికి అమ్మేసినవి, ఒంగోలు నుంచి గుంటూరు దాకా ఏ పాత సామాన్ల కొట్లో కనబడితే ఆ కొట్లోంచి ఏరి తెచ్చినవి. అయితే ఆయన టెన్నిస్ ఆడతాడేమో అనుకునేరు. రామ రామ! జన్మలో బంతి ముట్టుకోలేదు. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో ప్రయాణికుడు బస్సులో ఒక బ్యాట్ మర్చిపోయాడు. ఆర్నెల్లు డిపోలో ఉంచినా దాని కోసం ఎవరూ రాలేదు. ఇంటికి తెచ్చి నూనెగుడ్డతో తుడిస్తే చెక్క తేనెరంగులో మెరిసింది. ఆ మెరుపుకి మనిషి పడిపోయాడు, మళ్ళీ లేవలేదు.

కోటేశ్వరి మొదట్లో నవ్వి ఊరుకునేది. పదోదానికి నవ్వు మానేసింది. ఇరవయ్యేడోది వచ్చిన మర్నాడు, మంచం కిందికి చీపురు దూరక, ఆ చీపురు అక్కడే పడేసి తీర్పు చెప్పేసింది.

"ఇంకొక్కటి ఈ గుమ్మం దాటిందంటే మొత్తం మూటగట్టి పాత సామాన్ల కొట్టుకే పంపించేస్తా. ఒట్టెయ్యండి!"

ఆయన ఆవిడ నెత్తిమీద చెయ్యి పెట్టబోయాడు.

"నా నెత్తి ఎందుకండీ మధ్యలో? మీ నెత్తిమీదే పెట్టుకోండి" అంది కోటేశ్వరి. పెట్టుకున్నాడు పాపం.

అందుకని ఆ పొద్దున "బ్యాంకులో పనుంది" అని చెప్పి బయల్దేరాడు. ఒంగోల్లో సుభానీ ఆయన్ని చూడగానే తుక్కు ఫ్యాన్ల వెనకనుంచి దాచిపెట్టిన సరుకు తీశాడు. అచ్చమైన చెక్క బ్యాట్. దానికి నాలుగు మూలలా నట్లు బిగించిన చెక్క చట్రం. పూర్వం బ్యాట్ వంకర తిరగకుండా అలా చట్రంలో పెట్టి బిగించేవాళ్ళట. చట్రంతో సహా దొరకాలని చెంచురామయ్య పదేళ్ళుగా కలలు కంటున్నాడు.

"వదినగారికి తెలుసా కండక్టర్ గారూ?" అన్నాడు సుభానీ.

"తెలిస్తే ఆ ఇరవయ్యేడూ రేపు నీ కొట్లోనే ఉంటాయి."

"అయితే నేనే ఫోన్ చేసి చెప్పనా?"

"నీ నోట్లో మన్నుపడ! ముందు ఆ గోనెసంచి ఇటియ్యి."

తిరుగు బస్సు చీమకుర్తి దాటిందో లేదో ఆగిపోయింది. ముందెక్కడో గ్రానైటు లారీ రోడ్డుకి అడ్డంగా తిరిగి, దానిమీది రాయి జారి పడిందట. క్రేను రావాలి. జనవరి నెలైనా ఎండ చురుక్కుమంటోంది. ప్రయాణికులంతా దిగి చెట్టూ పుట్టా వెతుక్కున్నారు. చెంచురామయ్యకి మాత్రం ఒకటే తహతహ. ఒళ్ళో సంచిలో కొత్త బ్యాట్ ఉంది, దాన్ని ఇంతవరకూ తనివితీరా చూసుకోలేదు. ఇంటికెళ్తే ఎలాగూ దొంగచూపులే. సంచి చంకన పెట్టుకుని రోడ్డు దిగి, మిరపచేను గట్టుమీద నాలుగడుగులు వేసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని బయటికి తీశాడు.

పాత బ్యాట్‌ని పరీక్షించడానికి ఆయనకొక పద్ధతుంది. పిడిని రెండు చేతుల వేళ్ళతో తేలిగ్గా పట్టుకుని, ముందుకి చాచి, కళ్ళు మూసుకుని, బరువు ఎటు మొగ్గుతోందో చూస్తాడు. చట్రం బరువుకి తల భాగం మెల్లగా కిందికి వంగింది. పైకెత్తాడు. మళ్ళీ వంగింది. ఆనందంతో ఆయన పెదవులు వాటంతటవే కదిలాయి.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా లుంగీ ఎగగట్టిన ఒక రైతు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. ఆ చేను అతనిదే. పేరు యలమంద. అప్పటికి మూడు బోర్లు వేయించాడు, మూడూ దుమ్ము కక్కి ఊరుకున్నాయి. రెండెకరాల మిరప కాపు మీదుంది, ఇంకో వారం తడి అందకపోతే మాడిపోతుంది. నాలుగోసారి అదృష్టం చూద్దామని బోరు బండిని పిలిపించాడు. కొబ్బరికాయతో నీళ్ళ పాయింటు చూడాల్సిన పెద్దాయన మాత్రం ఆ లారీకి అవతల ఇరుక్కుపోయాడు.

"కొబ్బరికాయ ఆయన రాలేనని మిమ్మల్ని పంపించాడా అండీ?" అన్నాడు యలమంద.

"నన్నెవరూ పంపలేదయ్యా. బస్సాగితే దిగాను."

"ఎవరూ పంపకుండానే వచ్చారా!" అన్నాడు యలమంద. "ఇక్కడే రెండుసార్లు వంగింది. నేను కళ్ళారా చూశాను."

"నాయనా, ఇది టెన్నిస్ బ్యాట్. ఆట ఆడుకునేది."

"పేరేదైతేనేం అండీ! మా ఊళ్ళో కొబ్బరికాయతో చూశారు, వేపపుల్లతో చూశారు, తాళాలగుత్తితో చూశారు. టెన్నిస్‌తో ఎవరూ చూళ్ళేదు, అందుకే నీళ్ళు పళ్ళేదు. ఒరేయ్ వీరబాబూ! ఇట్రా!"

వీరబాబు అతని బావమరిది. వాడి వెనకాల పక్క చేలవాళ్ళు, వాళ్ళ వెనకాల ఏమీ తోచక కూర్చున్న బస్సు జనం, అందరూ గట్టుమీదికి ఎక్కేశారు. వీరబాబు వస్తూనే ఫోన్ పైకెత్తాడు.

"వీడియో వద్దు బాబూ, నీకు పుణ్యముంటుంది!" చెంచురామయ్య బ్యాట్‌ని వీపు వెనక దాచుకున్నాడు.

"చూశావా బావా, పెద్దవాళ్ళు పబ్లిసిటీ కోరుకోరు" అంటూ వాడు ఆ దాచుకోవడం కూడా తీశాడు. ఆ మాటే వీడియో కింద రాసి నాలుగు గ్రూపుల్లో పెట్టేశాడు.

ఈ రోజుల్లో రోడ్డు ఆగితే బస్సాగుతుంది గానీ వీడియో ఆగదు కదా. పావుగంటలో చెంచురామయ్య జేబులో ఫోన్ మోగింది. కోటేశ్వరి! కంగారులో ఏ గుర్తు నొక్కాడో ఏమో, ఆవిడ గొంతు గట్టు మీదున్న అందరికీ వినబడింది.

"బ్యాంకు ఏ చేలో ఉందండీ?"

"అది కాదు కోటేశ్వరీ..."

"ఆ చేతిలోదేంటి?"

ఇక్కడే ఆయన బతుకు బోల్తా కొట్టింది. ఇరవయ్యేడు బ్యాట్లూ వరసగా కళ్ళముందు మెదిలాయి. ఎలాగైనా వాటిని కాపాడుకోవాలి. పాపం, నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు.

"ఇది బ్యాట్ కాదే! నీళ్ళు చూసే పరికరం!"

గట్టుమీద జనం ఒక్కసారిగా "ఆఁ" అన్నారు.

"ఓహో. అయితే మంచం కింద ఉన్నవేంటి?"

ఇంకేమనగలడు? "అవీ... అవీ అవే" అన్నాడు.

"అక్కడే ఉండండి. వస్తున్నా" అని ఫోన్ పెట్టేసింది.

రైతులకి నిజం చెప్తే నమ్మలేదు. పెళ్ళానికి చెప్పిన అబద్ధాన్ని మాత్రం ఊరు ఊరంతా నమ్మేసింది. యలమంద ఆయన్ని నులకమంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించాడు. ఇంతలో బోరు బండి భూమి అదిరిపోయేలా చేలోకి వచ్చింది. డ్రైవరు తల బయటపెట్టి "ఎక్కడ దించమంటారు?" అని అరిచాడు. అందరూ చెంచురామయ్య వైపు చూశారు.

పారిపోదామంటే బస్సు కదల్లేదు. పైగా వాడిపోయి తలలు వాల్చిన ఆ మొక్కల్నీ, యలమంద మొహాన్నీ చూస్తే నిజంగానే జాలేసింది. తన బ్యాట్ల యావ కోసం ఒకడి పంట ముంచుతున్నానే అని ఏడుపొచ్చినంత పనైంది. మజ్జిగ తెచ్చిన ముసలమ్మ ఒక్కతే ఆయన వంక చూడకుండా మొక్కల వంక చూస్తోంది. ఆవిడ యలమంద తల్లి గురవమ్మ.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా. ఇక్కడ నీళ్ళెక్కడుంటాయో నీకేమన్నా తెలుసా?" అని గుసగుసగా అడిగాడు.

"తెలియకేం నాయనా! అదుగో, ఆ కంపచెట్టు దగ్గర మా మామ తవ్వించిన బావి ఉండేది. నడివేసవిలో కూడా మోట తోలేవాళ్ళం. రోడ్డేసినప్పుడు ఆ మన్నుతో పూడ్చేశారు. అక్కడ వెయ్యిరా అని మొదటి బోరు కాణ్ణించీ మొత్తుకుంటున్నా. ముసల్దానికేం తెలుసన్నాడు."

చెంచురామయ్యకి పోయిన ప్రాణం లేచి వచ్చింది. బ్యాట్ చాచి, కళ్ళు మూసినట్టే మూసి ఓరగా చూసుకుంటూ కంపచెట్టు దాకా నడిచాడు. అక్కడ చేతులు కాస్త సడలించాడు. చట్రం బరువుకి బ్యాట్ భూమికేసి వంగింది. యలమంద ఆ చోట సాష్టాంగపడ్డాడు.

బండి దింపారు. యాభై అడుగులు తెల్ల దుమ్ము. నూరడుగులు, అదే దుమ్ము. జనం గొంతులు సన్నగిల్లాయి. వీరబాబు ఫోన్ జేబులో పెట్టుకుని, "టెన్నిస్ ఏంటి బావా నీ మొహం" అన్నాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద లారీ తొలగింది. బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. అది వదిలిన పొగలోంచి ఒక ఆటో దిగబడింది. ఆటోలో కోటేశ్వరి, ఆవిడ చుట్టూ మూడు గోనెమూటలు.

"తీసుకోండి మీ పరికరాలు!" ఆవిడ ఒక్కో మూటా గట్టుమీదికి విసిరింది. బ్యాట్లు గలగలా దొర్లాయి. "ఇటునుంచి ఇటే సుభానీ కొట్టుకి. మాట మాటే!"

"కోటేశ్వరీ, జనంలో పరువు..."

ఆయన మాట పూర్తికాలేదు. బోరు గొట్టం ఒక్కసారి గుర్రుమంది. దుమ్ము తడిసింది, తడిసింది బురదైంది, ఆ బురద వెనకే నీళ్ళు తాటిచెట్టంత ఎత్తున చిమ్మి అందరి నెత్తినా పడ్డాయి. యలమంద ఆ బురదలోనే చిందులేస్తూ తల్లిని ఎత్తుకుని తిప్పేశాడు. గట్టంతా ఈలలు, కేకలు. చెంచురామయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. వానలో తడిసినట్టు నిలబడిపోయిన కోటేశ్వరి, నీళ్ళని చూసింది, మొగుణ్ణి చూసింది, చేతులెత్తి మొక్కుతున్న జనాన్ని చూసింది.

"ఇదంతా ఈయనే?" అంది యలమందతో.

"మీరు పుణ్యాత్ములమ్మా!" అని అతను ఆవిడ కాళ్ళమీద పడ్డాడు. ఆవిడ అడ్డం చెప్పలేదు.

ఇక తన బ్యాట్లకి ఢోకా లేదని చెంచురామయ్య ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి ఇంకా బయటికి రాకుండానే జనం కళ్ళు గట్టుమీద దొర్లుతున్న ఇరవయ్యేడింటి మీద పడ్డాయి.

"ఇంట్లో ఉన్నవీ ఇవేనని ఫోన్లో ఆయనే చెప్పాడ్రా!" అరిచాడు వీరబాబు. "అమ్మా, నాకొకటి ఇప్పించండి. మా చేలో రెండు బోర్లు పోయాయి."

"నాకూ!" "మా ఊరికొకటి అమ్మా!"

"అయ్యా, అవి ఆటబ్యాట్లు!" చెంచురామయ్య మూటలమీద బోర్లా పడిపోయాడు. "ఒట్టు! నీళ్ళ సంగతి చెప్పింది గురవమ్మగారు! ఆవిణ్ణి అడగండి! బావి ఉండేదట అక్కడ!"

"ఎంత నిగర్వి" అన్నారు ఎవరో. ఇద్దరు మనుషులు ఆయన్ని భక్తిగా లేవదీసి పక్కన నిలబెట్టారు.

గురవమ్మ జాలిగా చూసింది. "మూడు బోర్ల నుంచి నా మాటే వినలేదు. ఇప్పుడు నీ మాట వింటారా నాయనా?"

కోటేశ్వరి సంసారం చేసిన మనిషి. పాత సామాను ఊరికే ఇవ్వకూడదన్న ఇంగితం ఉంది. పరికరానికి ఒక సంచెడు పండుమిరపకాయలు అంది. ఎవరూ బేరమాడలేదు. తేనెరంగుది పోయింది. పిడికి తోలు చుట్టినది పోయింది. బస్సులో దొరికిన మొట్టమొదటిదాన్ని వీరబాబు భుజాన వేసుకుని వెళ్తుంటే చెంచురామయ్య పంచె కొంగుతో కళ్ళొత్తుకున్నాడు. ఆనందబాష్పాలనుకుని దాన్నీ వీడియో తీశారు. పొద్దువాలేసరికి ఇరవయ్యేడూ ఇరవయ్యేడు దిక్కులు పట్టాయి. బ్యాట్లతో వచ్చిన ఆటో, ఎర్రటి పండుమిరపకాయలతో ఘాటెక్కి, తుమ్ముకుంటూ పొదిలి చేరింది.

మిగిలింది ఒకటే, చట్రంతో ఉన్న ఆ ఇరవై ఎనిమిదోది. దాన్ని మాత్రం కోటేశ్వరి ఎవరికీ ఇవ్వనియ్యలేదు. ఆయన ఆశగా చెయ్యి చాచాడు.

"ఆగండి. అలా ముట్టుకోకూడదు" అని ఆవిడే రెండు చేతులా పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, పసుపు రాసి బొట్టు పెట్టింది.

ఇప్పుడది దేవుడి గదిలో, గోడకి వేలాడుతోంది. చెంచురామయ్య దాన్ని రోజుకొకసారి చూసుకోవచ్చు, తలస్నానం చేసి వస్తే.