ల్యాప్‌టాప్‌కు తలంటు

అమ్మే ముందు పాత ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగా ఎక్కించడాన్ని మించిన పుణ్యకార్యం లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను! కాదనేవారు కోరుట్లలో మా ఇంటికి రండి. చాయ్ ఇచ్చి మరీ వాదిస్తాను.

పన్నెండేళ్లలో ఆ పెట్టెలో నేనేం దాచాను? మూడు పేజీల దగ్గర ఆగిపోయిన నవల, దానికి రాసుకున్న పదకొండు పేజీల ముందుమాట. దింపుకుని ఒక్కటీ తెరవని యోగా వీడియోలు నలభై. 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'అసలు ఫైనల్' అనే పేర్లతో ఒకే బదిలీ అర్జీ. అన్నీ ఒక్క నొక్కుతో మాయం! ధర్మపురి వెళ్లి గోదావరిలో మునిగినా ఇంత శుభ్రత దొరుకుతుందా?

ఆ మర్యాద చూడండి! చెరిపే ముందు "నిజంగానే చెరిపేయాలా?" అని కంప్యూటర్ అడుగుతుంది. పాతికేళ్ల మాస్టరు ఉద్యోగంలో నా అభిప్రాయం అడిగినవారు లేరు. ఆ సంతోషంలో మూడుసార్లు అవునన్నాను.

ఊళ్లో రిపేరు షాపు లేదా అంటారేమో. ఉంది. కానీ సైన్సు చెప్పేవాడు ఇంకొకరిని అడుగుతాడా? యూట్యూబ్‌లో హిందీ వీడియో చూశాను. సగం అర్థమైంది. మిగతా సగం నా మేధస్సుతో పూరించుకున్నాను.

మా ఆఖరి తమ్ముడు హరీశ్ దుబాయ్‌లో ఉంటాడు. అతని భార్య లత, కూతురు వర్ష మాతోనే ఉంటారు. నేను ఫార్మాట్ కొట్టబోతుంటే లత ఒక్కతే గుమ్మంలో నిలబడి అడిగింది.

"బావా, పాప మొదటిపారి నడిచిన వీడియో తీసిపెట్టిండ్రా? గదొక్కటి పోతే మల్ల రాదు."

"పెన్‌డ్రైవ్‌ల ఏసిన లతా, రంది పడకు!"

ఆ వీడియో తీసింది నేనే. ఫోన్ నిండిపోతే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. హరీశ్‌కు మాత్రం పంపలేదు. గల్ఫ్‌లో ఉన్నవాడికి కళ్లనీళ్లు తెప్పించేది ఏదీ పంపకూడదని మా ఇళ్లల్లో ఒక పద్ధతి. చావు కబురైనా, బిడ్డ నడకైనా! గదిలో ఎనిమిదిమంది మధ్య దుప్పటి ముసుగేసుకుని ఏడుస్తాడు, తెల్లారితే క్రేన్ ఎక్కాలి. వచ్చాక పెద్ద టీవీలో చూపిద్దామన్న గొప్ప ఆలోచన కూడా నాదే.

మేడిపల్లి నర్సింగం తన బిడ్డ డిగ్రీ చదువు కోసం ల్యాప్‌టాప్ కొనుక్కుని పోయాడు. "అద్దం లెక్క ఉంది సార్!" అన్నాడు. మా ఆవిడకు ఆ మాట నాలుగుసార్లు చెప్పాను.

మొన్న శుక్రవారం హరీశ్ వచ్చాడు. మూడేళ్ల వర్షను ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాడు. దర్జాగా పెన్‌డ్రైవ్ గుచ్చాను. ఇందులో ఏమీ లేదని టీవీ చెప్పింది.

రిపేరు షాపు రాజం దగ్గరికి ఉరికాను. డెస్క్‌టాప్ మీద బాణం గుర్తుతో కనిపించే బొమ్మ వీడియోకు దారి మాత్రమే చూపిస్తుందట. నేను దాన్ని కాపీ చేసుకుని, అసలు వీడియోను చెరిపేశానట! ఇన్నాళ్లూ ఆ బాణం అలంకారమనుకున్నాను. నర్సింగాన్ని బతిమాలి ల్యాప్‌టాప్ తెప్పించి, మళ్లీ రాజం ముందు పెట్టాను. గంటసేపు వెతికాడు.

"ఇగ రాదు సార్. అంత సాఫ్ జేసిండ్రు. గింత మంచిగ మేం గూడ జెయ్యం."

నా జీవితంలో నేను సంపూర్ణంగా చేసిన పని అదొక్కటే. పాఠకులారా, ఫార్మాట్ గొప్పదని ఇంతసేపూ ఎందుకు వాదించానో అర్థమైందా? తప్పు నాదని ఒప్పుకోవడానికి నోరు రాక! తెలియదని ఒక్క మాట అని ఉంటే ఆ వీడియో ఉండేది. పద్ధతిని పక్కన పెట్టి ఆనాడే పంపి ఉంటే తమ్ముడు ఏడ్చేవాడు, కానీ చూసేవాడు.

ఇంటికొచ్చి తలదించుకుని నిలబడ్డాను. లత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. హరీశ్ టీవీ కట్టేశాడు. నా వైపు తిరిగి అన్నాడు.

"పోనీ తియ్యి అన్నా. నువ్వు జూసినవ్ గదా? ఎట్ల నడిచిందో నడిచి సూపెట్టు."

యాభై రెండేళ్ల మాస్టర్ని, లుంగీ ఎగగట్టి, రెండు చేతులూ చాచి, తూలుతూ మూడడుగులు వేసి చతికిలబడ్డాను. వర్ష పకపకా నవ్వింది. హరీశ్ నవ్వలేదు. కళ్లు తుడుచుకుని ముందుకు జరిగి కూర్చున్నాడు.

"ఇంకోపారి నడువు అన్నా."