పండ్ల మఫిన్‌లో సంస్కరణలు

మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే కుటుంబం బయటి తిండిని శాశ్వతంగా బహిష్కరించింది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఆ సమయంలో ఇల్లాలు వంటింట్లో గిన్నెలు తోముకుంటున్నందువల్ల వ్యతిరేకించేవాళ్ళు ఎవరూ లేకపోయారు. ఇకమీదట వారమంతా పొద్దున్నే తినడానికి ప్రతి ఆదివారం ఇంట్లోనే ఆరోగ్యకరమైన పండ్ల మఫిన్లు తయారవుతాయని, పైగా ప్రేమతో తయారవుతాయని ఆ ఇంటి పెద్దాయన నాకు స్వయంగా వచ్చి చెప్పారు. ఎవరు తయారు చేస్తారో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇలాంటివి అడిగి తెలుసుకునే విషయాలు కావు.

ఆ కుటుంబానికి ఎంత మాత్రం తీరిక ఉండదని మా అంతస్తులో అందరికీ తెలుసు. పెద్దాయన హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. పొద్దున్నే పేపరు మొదలుపెడితే వ్యాపార ప్రకటనలతో సహా పూర్తయ్యేదాకా ఆయనకు ఊపిరి సలపదు. ఆయన కొడుకు కంపెనీ కంపెనీకీ తిరిగి, కాలాన్ని పొదుపుగా వాడుకోవడం ఎలాగో పాఠాలు చెబుతాడు. ఆయన్ని మేమంతా టైమ్ మేనేజర్ అంటాం. తాగిన గ్లాసు తీసి సింకులో పెట్టేంత కాలాన్ని కూడా ఆయన దుబారా చేయగా నేను చూడలేదు. ఈయన కూతురు కాలేజీ చదువు చదువుతుంది, మిగిలిన టైమంతా ఫోన్‌లో ఆరోగ్యం చదువుతుంది. కొడుకు కండలబాబు జిమ్‌లో అంతంత బరువులు ఎత్తి వస్తాడు కాబట్టి ఇంటికొచ్చాక తిన్న కంచం ఎత్తలేడు. ఇక ఇల్లాలు, అంటే టైమ్ మేనేజర్ గారి భార్య, కరెంటాఫీసులో బిల్లుల కౌంటర్ వెనక కూర్చుని, వారమంతా జనం చేత చీవాట్లు తిని వస్తుంది. ఆవిడకు తీరిక లేదని మాత్రం ఎవరూ అనరు. తీరిక లేని మనిషైతే అన్ని పనులు ఎలా చేస్తుంది?

ఆవిడకు ఉన్న వ్యసనం ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గది తలుపు దగ్గరగా వేసుకుని కాసేపు నడుం వాల్చేది. ఆ కునుకే లేకపోతే సోమవారం ఆ కౌంటర్ ముందు కూర్చోలేనని మా ఆవిడతో ఒకసారి అన్నదట. మఫిన్లకు కుటుంబం కేటాయించిన వేళ సరిగ్గా అదే. తక్కిన వేళల్లో ఆవిడ చేతులు ఖాళీగా ఉండవు కదా, ఆ మాత్రం ముందుచూపు టైమ్ మేనేజర్ గారికి ఉంది.

మొదటి ఆదివారం ఆవిడ మైదా, వెన్న, పంచదార, గుడ్లు కలిపి, అందులో ఆపిల్ ముక్కలూ బాగా పండిన అరటిపళ్ళూ వేసి, కాగితం కప్పుల్లో పోసి ఓవెన్‌లో పెట్టింది. ఆ వాసనకు నేను చెప్పులు వేసుకోవడం కూడా మరిచి ఎదురింటికి వెళ్ళాను. వారానికి సరిపడా చేసిన మఫిన్లు సాయంత్రానికే అయిపోయాయి. దాంతో ఇంట్లో ఆందోళన మొదలైంది. ఇంత రుచిగా ఉన్నది ఒంటికి మంచిదెలా అవుతుందని కూతురు నిలదీసింది. భోజనాల బల్ల దగ్గర సమీక్షా సమావేశం జరిపి, మఫిన్‌ను విడతలవారీగా సంస్కరించాలని నిర్ణయించారు. ఆవిడ ఆ సమయంలో మఫిన్ రేకులకు అంటుకున్న మాడు గీకుతోంది.

మొదటి విడతలో పెద్దాయన షుగరు దృష్ట్యా పంచదార పోయింది. దాని స్థానంలో ఖర్జూరాలు వచ్చాయి. వాటికి గింజలు తీయాలి, నానబెట్టాలి, మెత్తగా రుబ్బాలి. తర్వాత మైదా పోయింది. ఓట్స్ ఇంట్లోనే పొడి కొట్టి జల్లించుకుంటే పొట్ట తగ్గుతుందని టైమ్ మేనేజర్ గారికి విమానంలో పక్క సీటాయన చెప్పాడట. కొనుక్కొచ్చిన పొడిలో ప్రేమ ఉండదని పెద్దాయన బలపరిచారు. ఆపైన వెన్న పోయి, ఆపిళ్ళు ఉడికించి వడగట్టిన గుజ్జు వచ్చింది. గుడ్డు దగ్గర చర్చ వేడెక్కింది. కండలబాబు తెల్లసొన మాత్రం ఉండి తీరాలన్నాడు, పెద్దాయన గుడ్డన్న మాటే ఎత్తొద్దన్నారు. చివరికి కూతురు మధ్యవర్తిత్వం వహించి, అవిసె గింజలు దంచి నీళ్ళలో నానబెట్టిన జిగురు వాడేట్టు రాజీ కుదిర్చింది. దంచేదెవరన్న దానిమీద భేదాభిప్రాయాలు రాలేదు.

మఫిన్‌లో ఒక వస్తువు తగ్గినప్పుడల్లా ఆవిడకు రెండు పనులు పెరిగాయి. శనివారం నానబెట్టడంతో మొదలైతే ఆదివారం దీపాలు పెట్టేవేళకు కడగడం పూర్తయ్యేది. కునుకు మొదట సగమైంది, తర్వాత గోడకు తల ఆనించడం దాకా వచ్చింది, ఆపైన అదీ పోయింది. సోమవారాలు కౌంటర్‌లో ఒకరి చిల్లర మరొకరికి ఇస్తోందని ఆఫీసులో సంజాయిషీ అడిగారట. ఒక ఆదివారం ఆవిడ ఓవెన్ ముందు కుర్చీ వేసుకుని, లోపలి పసుపుపచ్చటి వెలుతురు చూస్తూ చూస్తూ కూర్చున్నచోటే నిద్రపోయింది. ముఖం ఎంత ప్రశాంతంగా ఉందోనని టైమ్ మేనేజర్ గారు ఫోటో తీసి, 'అమ్మ చేతి మఫిన్లు అమ్మ మనసంత మెత్తన' అని రాసి అందరికీ పంపారు. ఫోటో తీసిన చప్పుడుకు ఆవిడకు మెలకువ వచ్చింది. నేను ఆ ఫోటోకు హృదయం బొమ్మ పెట్టాను.

నిజానికి అప్పటికే అవి మెత్తన కావు. ఆ తర్వాతి విడతలో రసాయనమన్న నేరం మీద బేకింగ్ పౌడర్‌ను కూడా తొలగించాక బొత్తిగా పొంగడం మానేశాయి. టైమ్ మేనేజర్ గారు కొన్నిటిని ఆఫీసుకు తీసుకువెళ్ళి, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటిమీద పెట్టుకున్నారు. మిగతా వాళ్ళు పొద్దున్నే ఒక్కోటి సంచిలో వేసుకుని వెళ్ళి, దారిలో బేకరీ దగ్గర ఆగేవాళ్ళు. తినడం మానేశాక మఫిన్ల మీద గౌరవం మరింత పెరిగింది. ఇంత ఆరోగ్యకరమైన పదార్థం తమ ఇంట్లో తయారవుతోందని వాళ్ళు నలుగురిలో చెప్పుకుంటుంటే వినడానికి ఎంతో ముచ్చటగా ఉండేది.

చిట్టచివరి సంస్కరణ పెద్దాయన ప్రవేశపెట్టారు. ఆ సమావేశానికి నన్ను పరిశీలకుడిగా పిలిచారు. ఆయన లేచి నిలబడి కళ్ళజోడు తీసి పట్టుకున్నారు.

"వేడి తగిలిందా, పండులో ఉన్న ప్రాణశక్తి పోయినట్టే. ఇన్నాళ్ళూ మనం పండుని చంపి, కప్పులో పెట్టి తిన్నాం. రేపట్నుంచి ఈ ఇంట్లో ఓవెన్ వెలగడానికి వీల్లేదు."

అందరం చప్పట్లు కొట్టాం. ఓవెన్ లేనప్పుడు ఓట్స్ పొడి ఎందుకు, ఆపిల్ గుజ్జు ఎందుకు, జిగురు మాత్రం ఎందుకు? అన్నీ వరసగా రద్దయ్యాయి. వంటింటి గుమ్మంలో నిలబడి ఖర్జూరాల గింజలు తీస్తున్న ఆవిడ ఆ గిన్నె పక్కన పెట్టేసింది. చాలా వారాల తర్వాత ఆవిడ ముఖంలో నవ్వు చూశాను. నాకూ సంతోషం వేసింది.

ఆ మరుసటి ఆదివారం భోజనాలయ్యాక ఆవిడ బుట్టనిండా అరటిపళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అన్నీ తీసేయగా మిగిలింది ఇదే. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోండి. నేను కాసేపు పడుకుంటా," అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

కుటుంబం దిగ్భ్రాంతికి గురైంది. అత్యవసర సమావేశం జరిగింది. తొక్క ఒలవడం, దాన్ని చెత్తబుట్ట దాకా మోసుకెళ్ళడం, తిరిగి రావడం, వీటన్నిటికీ రోజూ ఇంత కాలం ఖర్చు పెట్టుకుంటూ పోతే ఏ కుటుంబమూ పైకి రాదని టైమ్ మేనేజర్ గారు లెక్క తేల్చారు. బుట్టలోంచి తీసుకుంటే అది వట్టి పండేనని, అమ్మ కప్పులో పెట్టి చేతికిస్తేనే మఫిన్ అవుతుందని పెద్దాయన నిర్వచించారు. బుట్టలో పండు బుట్టలోనే ఉంది. ఈలోగా కండలబాబుకు ఆకలేసి, అమ్మ ఇంకా లేవలేదేమని అడిగాడు. అప్పుడు గానీ అందరికీ భయం పట్టుకోలేదు. ఆవిడ ఇదివరకు కూడా ఆదివారాలు పడుకునేదన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆ వేళలో వాళ్ళూ నిద్రపోతుండేవాళ్ళు.

"మా ఆవిడ పగలు నిద్రపోతోందండీ," అంటూ టైమ్ మేనేజర్ గారు మా తలుపు తట్టారు. నేను పరుగున వెళ్ళి కింది అంతస్తు డాక్టరుగారిని తీసుకొచ్చాను. ఆవిడ ఎంత గాఢంగా నిద్రపోతోందంటే లేపడానికి నలుగురం కష్టపడాల్సి వచ్చింది. డాక్టరుగారు నాడి చూశారు, కళ్ళ కింది రెప్పలు లాగి చూశారు, నాలుక చాపమన్నారు.

"ఒంట్లో రక్తం లేదు, బాగా నీరసించింది," అన్నారాయన. "విశ్రాంతి కావాలి. బయటి తిండి పెట్టకండి. వెన్నా గుడ్లూ పండ్లూ వేసి ఇంట్లోనే ఏదైనా మంచిది చేసి పెట్టండి. మఫిన్ లాంటిది."

అందరి గుండెలూ కుదుటపడ్డాయి. కుటుంబం మళ్ళీ మంచం చుట్టూ సమావేశమై సంస్కరణలన్నిటినీ రోగి క్షేమం కోసం ఆ నిమిషమే వెనక్కి తీసుకుంది. ఇంత పెద్ద త్యాగం అంత త్వరగా చేసిన కుటుంబాన్ని నేను మరెక్కడా చూడలేదు. అందరూ ఆవిడ వంకే చూశారు. టైమ్ మేనేజర్ గారు మంచం అంచున కూర్చుని, ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు.

"ఈసారి మాకోసం కాదు, నీకోసమే కదా. నీకు ఎలా నచ్చితే అలా చేసుకో," అన్నారు ఎంతో ఆప్యాయంగా.

ఆవిడ ఒక్కొక్కరి ముఖమూ చూసింది. నా ముఖం కూడా చూసింది. నేను గోడమీది గడియారం చూశాను. "వెన్న అయిపోయింది, ఎవరైనా తెస్తారా?" అని అడిగింది. తర్వాత జుట్టు ముడి వేసుకుని, పర్సు తీసుకుని, తనే మెట్లు దిగి వెళ్ళింది. ఆ సాయంత్రం మఫిన్లు మొదటి ఆదివారం కంటే బాగా కుదిరాయి. డాక్టరుగారికి రెండు కట్టి ఇచ్చారు, నేను రెండు తిన్నాను, మిగతావి కుటుంబం తిన్నది. రోగికి ఒకటి మిగల్చాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ ఇంట్లో జరుగుతున్న అన్యాయానికి నాకు ఒళ్ళు మండిపోయింది. అందుకే పొద్దుటి నుంచి బల్ల ముందు కూర్చుని ఇది రాస్తున్నాను. ఇందాకటి నుంచి మా ఆవిడ వంటింట్లోంచి పిలుస్తోంది, పై అరలో డబ్బా అందడం లేదట. రాసుకుంటున్నానని చెప్పాను. ఆడవాళ్ళ కష్టం గురించి రాస్తూ రాస్తూ మధ్యలో లేస్తే ఆవేశం చల్లారిపోతుంది. స్టూలు లాక్కున్న చప్పుడైంది, ఈపాటికి అందే ఉంటుంది. మీరు కూడా మధ్యలో ఒక్కసారైనా లేవకుండా ఇంతదాకా చదివారు, చాలా సంతోషం. అంటే మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు కూర్చోకుండా తిరుగుతూనే ఉన్నారన్నమాట.