గోడ అవతలి శ్రోత

ఆ ఆదివారం పొద్దున రాయమల్లు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ తాగాలి, కథను పైకి ఒకసారి చదువుకోవాలి, లైబ్రరీ గదిలో జరిగే రచయితల సంఘం మీటింగుకు పోవాలి. అక్కడ చదివి ఒప్పించుకుంటే, సంఘం వేసే కథల సంకలనంలో తన పేరు అచ్చులో చూసుకోవచ్చు. ఇదివరకు రెండుసార్లు కథ పట్టుకుపోయి, రెండుసార్లూ వాపసు తెచ్చుకున్నాడు. బొగ్గుబాయిలో పంపు నడిపే మనిషికి షిఫ్టు దిగి వచ్చాక నిద్ర మానుకుని రాయడమే ఒక యజ్ఞం. దాన్ని "బాగుంది గానీ" అంటూ తిరిగి చేతిలో పెడితే కడుపు రగలదా మరి.

అలా చేతిలో పెట్టింది వామనరావు సారు. మంథని మనిషి, రిటైరైన తెలుగు పంతులు, సంఘానికి అధ్యక్షుడు. "రాయమల్లూ, నీ కథల్ల మనుషులు సినిమావాళ్ల లెక్క మాట్లాడుతున్నరయ్య. ఈ ఆనంద్ ఎవరు, వసంత ఎవరు? మన గోదావరిఖనిల ఎక్కడుంటరు వాళ్లు? నీ పక్కింటి మనిషిని పెట్టు. నీ నోట్లె మాట పెట్టు," అన్నాడు పోయినసారి.

రాయమల్లు పెద్దల మాట జవదాటే రకం కాదు. పక్క క్వార్టర్లో ఉండే పోశాన్ని ఉన్నవాణ్ని ఉన్నట్టే తెచ్చి కథలో పెట్టాడు. పేరు కూడా మార్చలేదు. కుడికాలు కొద్దిగా ఈడ్చే అతని నడక, సొట్టపడిన సద్దిగిన్నె, అందులో మామిడికాయ తొక్కు, అన్నీ పెట్టాడు. పెట్టి, గని పైకప్పు కూలి చచ్చిపోయినట్టు రాశాడు. కథన్నాక ఎవరో ఒకరు చావాలని అతని గట్టి నమ్మకం.

పెరట్లో స్టూలు వేసుకుని చదవడం మొదలుపెట్టాడు. కథ చావు కబురుతోనే మొదలవుతుంది. "ఏమని చెప్పుదు అక్కా. మూడో సీముల, బొగ్గు తీసేకాడ పైకప్పు కూలింది. పోశమన్న దాని కింద పడ్డడు. నెత్తి మీది లైటు ఇంక వెలుగుతనే ఉన్నది. సద్దిగిన్నె మూత సుత తియ్యలే." అక్కడికొచ్చేసరికి రాయమల్లు నిజంగానే ఏడ్చేశాడు.

"నువ్వే రాసుకుని నువ్వే ఏడుస్తున్నవా? చాయ సల్లారుతున్నది," అంది లోపలి నుంచి పెళ్లాం అనసూర్య.

గోడ అవతల పోశం భార్య సారవ్వ గిన్నెలు తోముతూ ఇదంతా వింది. ఆదివారం బొగ్గు తీయరు గానీ, పైకప్పుకు దన్నుగా కర్రలు నిలబెట్టే వాళ్లు మరమ్మతులకు దిగుతారు. పోశం అది చేసే మనిషే, పొద్దున్నే దిగాడు. ఇటు రాయమల్లు అదే బాయిలో పనిచేస్తాడు, మొన్ననే సెల్‌ఫోను కూడా కొన్నాడు. ఎవరికో ఫోనులో చావు కబురు చెబుతున్నాడనుకుంది. బొగ్గుబాయి ఆడవాళ్లు ఇలాంటి మాట రెండోసారి అడగరు. సారవ్వ చేతికంటిన మసి కడుక్కోలేదు, చెప్పులు తొడుక్కోలేదు, అలాగే బాయి మీదికి ఉరికింది.

దారిలో ఏమైందని అడిగిన వాళ్లందరికీ విన్నది విన్నట్టే చెప్పింది. పాపం, ఒక్క ముక్క కల్పించలేదు. ఆ పని మిగతావాళ్లు చూసుకున్నారు. చౌరస్తా చేరేసరికి పోశానికి తోడుగా ఇంకొకడు పోయాడు. కూరగాయల మార్కెట్టు దాటేసరికి పోయినవాళ్లకు లెక్కే లేదు.

ఇదేమీ తెలియని రాయమల్లు ఇస్త్రీ చొక్కా వేసుకుని మీటింగుకు పోయాడు. వామనరావు సారు కళ్లద్దాలు తుడుచుకుని "ఇగ చదువు," అన్నాడు. రాయమల్లు కాగితాలు విప్పాడో లేదో, పక్కనే కూర్చున్న భూపాల్ సెల్లు మోగింది. భూపాల్ పాటలు కట్టే మనిషి, మామూలుగా ఫోనులో గంటసేపు మాట్లాడతాడు. ఈసారి విని, వెంటనే పెట్టేశాడు.

"బాయిల పైకప్పు కూలిందట. మనుషులు పోయిండ్రట," అన్నాడు.

ఆ గదిలో బాయితో చుట్టరికం లేనివాడు సారొక్కడే. ఆయనకు మోకాళ్ల నొప్పులు కూడా ఉండడంతో అక్కడ ఆయనొక్కడే మిగిలాడు, మిగతావాళ్లంతా బాయి వైపు ఉరికారు. నిజం చెప్పాలంటే, రాయమల్లు ఒక్క క్షణం తన కథ కోసమే బాధపడ్డాడు. ఆ వెంటనే సిగ్గుపడి, భూపాల్ బండి వెనక ఎక్కాడు.

గని గేటు ముందు జనం నిండిపోయారు. మేనేజరు బల్ల మీద నిలబడి "ఏం కాలేదమ్మా, అందరు మంచిగున్నరు," అని మొత్తుకుంటున్నాడు. ఎన్నో చూసిన జనం వాళ్లు. ఏం కాలేదని ఇంతగా చెబుతున్నాడంటే చాలా పెద్దదే అయి ఉంటుందని ఇంకా గట్టిగా ఏడ్చారు. చేసేది లేక ఆయన కిందికి ఫోను చేసి, పనిలో ఉన్నవాళ్లందరినీ పైకి రమ్మన్నాడు. దాంతో మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

"పోయిందెవలవ్వా?" అని రాయమల్లు ఒక ముసలామెను అడిగాడు.

"పోశమట బిడ్డా. సారవ్వ పెనిమిటి."

నిన్న సాయంత్రమే గోడ మీదుగా అగ్గిపెట్టె అందించిన మనిషి. తను రాసిన చావే వచ్చి పోశాన్ని పట్టుకుపోయిందని, రాసిన ఈ చెయ్యి పడిపోనని తిట్టుకుంటూ రాయమల్లు భోరున ఏడ్చాడు. ముసలామె అతని వీపు నిమిరింది. "నెత్తి మీది లైటు ఇంక వెలుగుతనే ఉన్నదట బిడ్డా. సద్దిగిన్నె మూత సుత తియ్యలేదట," అంది.

రాయమల్లు ఏడుపు ఆగిపోయింది. ఆ వాక్యం అతనికి బాగా తెలుసు. ఎన్నిసార్లో కొట్టేసి మళ్లీ రాసిన వాక్యం.

"ఎవలు చెప్పిండ్రవ్వా?"

"సారవ్వనే చెప్పింది. పొద్దుగాల గోడ అవతల ఎవలో చెప్పుకుంట ఏడుస్తుంటె విన్నదట."

జేబులోని కాగితాలు ఒక్కసారిగా బండరాయంత బరువెక్కాయి. నిజం చెబితే ఈ జనం బతకనివ్వరు. చెప్పకపోతే సారవ్వ బతికేట్టు లేదు. ఆమె నేల మీద కూలబడి, మసి చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎటో చూస్తోంది. రాయమల్లు గుంపులోంచి దారి చేసుకుని ఆమె ముందు వంగాడు.

"అక్కా," అన్నాడు.

కబురు తెచ్చిన గొంతు అది. వినగానే సారవ్వ గుండెలు బాదుకుంది. "నువ్వేం జేస్తవు తమ్మీ, మా రాత గిట్లున్నది," అంది. రాయమల్లు కాగితాల కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

అప్పుడే కింది నుంచి మనుషులు రావడం మొదలైంది. అందరి మొహాలూ బొగ్గు. అందులో ఒకడు కుడికాలు కొద్దిగా ఈడుస్తూ వచ్చి, నెత్తి మీది టోపీ తీసి, గుంపు వెనక తల వంచుకుని నిలబడ్డాడు. కాసేపయ్యాక పక్కవాణ్ని మెల్లగా అడిగాడు.

"పోయిందెవలే?"

"పోశం."

"ఏ పోశం?"

"సారవ్వ పెనిమిటి."

టోపీ పట్టుకున్న మనిషి చాలాసేపు ఆలోచించాడు. "నేను ఇక్కడనే ఉన్న గదనే," అన్నాడు చివరికి, తప్పు తనదే అయినట్టు.

సారవ్వ లేచి వచ్చింది. కొంగుతో అతని మొహం తుడిచి చూసుకుంది. చూసుకుని, భుజం మీద ఒక్కటి చరిచి, ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది. చూస్తున్న రాయమల్లుకు ప్రాణం లేచొచ్చింది. ఇక తన్నులు తిన్నా ఫికరు లేదనుకుని, కాగితాలు తీసి జరిగిందంతా చెప్పేశాడు.

ఎవరూ కొట్టలేదు. "చదువు," అంది సారవ్వ.

"ఇక్కడనా?"

"ఇక్కడనే. ఇంతమందిని ఉరికిచ్చినవు గద."

రాయమల్లు చదివాడు. చెట్టంత మనుషులు కదలకుండా విన్నారు. పోశం చచ్చేచోట వాళ్లంతా మళ్లీ ఏడ్చారు. పక్కన కూర్చుని సద్ది తింటున్న పోశం కూడా ముద్ద ఆపి కళ్లు తుడుచుకున్నాడు. ఏడుస్తున్న ఆ మొహాలు చూసి రాయమల్లుకు సంతోషమైంది, సంతోషమైనందుకు భయం కూడా వేసింది.

"మంచిగ రాసినవు తమ్మీ," అంది సారవ్వ. "గాని ఈయన చావద్దు. మార్చు."

"అది కథ అక్కా. కథల చస్తడు, గంతే."

"పొద్దుగాల నాకు గూడ కథల్నే చచ్చిండు. నేనెట్ల ఉరికిన్నో చూసినవా? మార్చు."

రాయమల్లు కలం తీశాడు. భూపాల్ వీపు మీద కాగితం పెట్టుకుని, చివరి పేజీ కొట్టేసి, జరిగింది జరిగినట్టే రాశాడు. పోశం పైకి రావడం, టోపీ తీసి నిలబడడం, పోయిందెవరని అడగడం. ఇక ఈ ముగింపు ముట్టుకోనని సారవ్వ చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాడు.

మధ్యాహ్నం లైబ్రరీ గదిలో సారు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఎవరికీ ఏం కాలేదని ఒక్క మాట చెప్పి అందరూ కథకే కూర్చున్నారు. సారు కళ్లు మూసుకుని విన్నాడు. ఒకచోట కళ్లద్దాలు తీసి పంచె అంచుతో కళ్లొత్తుకున్నాడు.

"మనుషులకు ప్రాణమొచ్చిందయ్యా రాయమల్లూ. అంత కండ్ల ముందల జరిగినట్టే ఉన్నది," అన్నాడు. "ఆ ముగింపు ఒక్కటే నమ్మబుద్ధి అయితలేదు. చచ్చిండనుకున్నోడు వచ్చి, తన కోసం ఏడ్చేటోళ్లల్ల నిలబడి, పోయిందెవలని అడుగుడేంది? గట్ల ఎక్కడన్న జరుగుతదా? చంపి తీసుకరా. సంకలనంల మొదటి కథ నీదే పెడ్త."

భూపాల్ ఏదో చెప్పబోయాడు. రాయమల్లు వద్దని తల ఊపి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఏటి సంకలనం రాయమల్లు కథ లేకుండానే అచ్చయింది. పోశం మాత్రం రిటైరయ్యేదాకా రోజూ బాయి దిగి, రోజూ పైకి వచ్చాడు.