ఐదు గంటలకే అయిపోయిన కచేరీ

జూలై ఇరవై ఎనిమిది, ఆదివారం. బుల్లిరాజు గారు కాఫీ తాగుతూ ఆరోజు పనులు అనుకున్నారు. ఐదింటికి కేబుల్ టీవీలో 'గమకం' మొదటి కార్యక్రమం. ఆరున్నరకు గోదావరి గట్టు మీది హాల్లో సూర్యకళ గారి పాట కచేరీ. రెండూ అయ్యాక ఇంటికొచ్చి పెసరట్టు.

'గమకం' ఆయన రాజమండ్రిలో ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్న సంగీత మాసపత్రిక. చదివేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. పత్రికతో పాటు క్యాసెట్ ఇచ్చి చూశారు. సగం పోస్టులోనే పగిలాయి. వెబ్‌సైటు పెట్టించారు. దాన్ని చూడ్డానికి నెట్ సెంటరుకు వెళ్ళింది ఆయనొక్కరే. ఇక మిగిలింది కేబుల్. దాని యజమాని గణేష్‌బాబుకు మొహమాటం తెలీదు.

"ఇవాళ బాగుంటే ప్రతి ఆదివారం పావుగంట మీదేనండి. తేడా వచ్చిందో, జుట్టునూనె వాళ్ళు కాచుక్కూర్చున్నారు," అన్నాడు.

అది పోతే పత్రిక మూసుకోవడమే. అందుకే చదవడానికి లూథరన్ బడి తెలుగు టీచరు హెలెన్‌ను పిలిచారు. ఖంగుమనే గొంతు. ఆగస్టు సంచిక చేతిలో పెట్టి, "నీకేది బాగుంటే అది చదివెయ్యమ్మా," అన్నారు. ఆయన చేసిన పొరపాటు అదే.

ఐదింటికి కేబుల్ ఆఫీసులో కెమెరా వెనక నిలబడ్డారు. హెలెన్ నమస్కారం పెట్టి, పేజీ తిప్పి మొదలుపెట్టింది.

"ఈరోజు మన ఊళ్ళో జరిగిన సూర్యకళ గారి కచేరీకి హాలు కిటకిటలాడింది..."

బుల్లిరాజు గారు గడియారం చూశారు. కచేరీకి ఇంకా గంటన్నర ఉంది.

'గమకం' ఒకటో తారీఖున పోస్టులో పడాలి. ఇరవై ఐదుకల్లా అచ్చవ్వాలి. అందుకని నెలాఖరు కచేరీల సమీక్షలు ఆయన ముందే రాసేసేవారు. ఏమేం పాడతారో గాయకులే ఉత్తరం రాస్తారు. మిగతాది ఆయనే అనుకునేవారు. అంతా మెచ్చుకుంటే జనం నమ్మరని ఓ చిన్న వంక కూడా పెట్టేవారు. పత్రిక చేతికందేసరికి కచేరీ ఎలాగూ అయిపోయేది. టీవీకి ఆ ఆలస్యం లేదు.

ఆపమని రెండు చేతులూ ఊపారు. ఆయన తాళం వేస్తున్నారనుకుని గణేష్‌బాబు కూడా తలూపాడు.

"మృదంగం పల్లంరాజు గారు ఒక్కరే వాయించిన తని ఆవర్తనం అమోఘం. మూడో పాటలో మాత్రం గాయని గొంతు కాస్త బొంగురుపోయింది."

కెమెరా ఆగగానే ఆయన అరిచారు. "ఈరోజని ఎక్కడుందమ్మా అందులో?"

"ఇరవై ఎనిమిదని ఉందండి. అంటే ఇవాళే కదండీ. పొద్దున్న జరిగిందనుకున్నాను. నేను చర్చిలో ఉన్నాను మరి."

ఫోను మోగింది. హాలు నుంచి కార్యదర్శి.

"ఏంటండీ ఇది! వాచ్‌మన్ చిట్టియ్య టీకొట్టులో టీవీ చూసి, కచేరీ అయిపోయిందని హాలుకి తాళమేసి కోరుకొండ బస్సెక్కేశాడు!"

"హాల్లో కచేరీ జరగలేదని వాడికి తెలీదాండీ?"

"టీవీలో చెప్పారటండి!"

పెట్టగానే మళ్ళీ కార్యదర్శే చేశాడు. మృదంగం పల్లంరాజు పిఠాపురం నుంచి వచ్చి బస్టాండులో దిగాడట. అక్కడా టీవీ ఉందట. అదే బస్సులో వెనక్కి వెళ్ళిపోయాడట. శ్రోతలు బయల్దేరినవాళ్ళు బయల్దేరినట్టే ఇళ్ళకు తిరిగారట.

"తప్పు చదివామని చెప్పేద్దామండి," అంది హెలెన్.

చెబితే ఇరవై రెండేళ్ళ సమీక్షలూ బయటపడతాయి. చెప్పకపోతే సూర్యకళ గారి పరువు పోతుంది. ఆయన నోరు తెరిచేలోగా తలుపు తోసుకుని సూర్యకళ గారు వచ్చారు. పట్టుచీర, తల నిండా పూలు, చంకలో శ్రుతిపెట్టె.

"నేనింకా నోరు విప్పలేదు. నా గొంతు బొంగురుపోయిందా బుల్లిరాజు గారూ?"

"ముందే రాసేశానమ్మా. తప్పయిపోయింది."

"ఇదివరకు నా కచేరీలు ఏడు రాశారు. అవీ ఇంతేనా?"

"ఇంతేనమ్మా."

"ఏడింటిలోనూ బొంగురేనా?"

"మూడింటిలోనమ్మా. మిగతా వాటిలో శ్రుతి..."

ఆవిడ కెమెరా ముందు చాప వేయించుకుని కూర్చున్నారు. గణేష్‌బాబు నూనె వాళ్ళ ప్రకటన ఆపి కెమెరా తిప్పాడు. ఏ వివరణా లేదు. గంటన్నర పాడారు. మూడో పాట వచ్చేసరికి ఆయన్నే చూస్తూ పైస్థాయికి వెళ్ళి, అక్కడే నిలబడ్డారు. గొంతు వెన్నలా ఉంది. రేపటి నుంచి తన రాతను ఎవరూ నమ్మరని బుల్లిరాజు గారికి తేలిపోయింది.

పాట ఆగగానే ఫోన్లు మొదలయ్యాయి. గణేష్‌బాబు ఒక్కొక్కటే విని, చివరికి ఆయన వైపు తిరిగాడు.

"అందరూ ఇది పొద్దుటి కచేరీ రికార్డింగ్ అనుకుంటున్నారండి. మూడో పాట మళ్ళీ పాడించి అతికించామంట, మోసమంట. అసలు సంగతి 'గమకం' ఒక్కటే నిజాయితీగా చెప్పిందంట. ప్రతి ఆదివారం పావుగంట చాలదు, అరగంట తీసుకోండి."

సూర్యకళ గారు శ్రుతిపెట్టె మూసి, ఆయన వైపు చూడకుండా బయటికి నడిచారు. ఆయన వెనకాలే వీధి దాకా వెళ్ళి తిరిగొచ్చారు. ఆరోజు పెసరట్టు దిగలేదు.

నాలుగో రోజున పిఠాపురం నుంచి కార్డు వచ్చింది: తన తని ఆవర్తనాన్ని అంత చక్కగా విని రాసినందుకు పల్లంరాజు కృతజ్ఞతలు తెలియజేశాడు.