అద్దం పక్క టేబుల్

సోమవారం పొద్దున, మొదటి గిరాకీ ఇంకా రాకముందే, హోటలాయన కూతురు కౌంటరు ముందుకు కుర్చీ లాక్కుని తన ప్లాను చెప్పింది. హోటలాయన గల్లాపెట్టె తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టి, చేతులు కట్టుకుని విన్నాడు. కూతురు మాట్లాడేటప్పుడు చేతులు కట్టుకోవడం ఆమె కాలేజీలో చేరినప్పటినుంచీ ఆయనకు అలవాటు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే మరి.

"ప్రాజెక్టు పేరేంటన్నావమ్మా?"

"ప్రపంచ బ్రాండ్లతో స్థానిక హోటళ్ళు ఎలా పోటీ పడాలి."

"స్థానిక హోటలంటే మనమేగా?"

"మనమే నాన్నా."

హోటలాయన ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఇన్నేళ్ళుగా వీధి మూలన అన్నం వండి పెడుతున్నాడు గానీ తాను ఒక చదువుకు పనికొచ్చే విషయమని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

వీధికి అవతల, సరిగ్గా ఎదురుగా, దేశదేశాల్లో కొట్లున్న ఓ పెద్ద కంపెనీ వాళ్ళు అద్దాల గోడలతో, ఎర్రటి బోర్డుతో కొత్తగా హోటల్ తెరిచారు. వీధిలో అందరూ దాన్ని ఎర్రబోర్డు అనేవారు. అది తెరిచినప్పటినుంచీ హోటలాయనకు కంటిమీద కునుకు లేదు. ఈ నెలాఖరుకు ఆయన షాపు లీజు ముగుస్తోంది. మళ్ళీ రాయించుకోవాలా, తాళంచెవి బిల్డింగాయనకు అప్పగించేయాలా అన్నది తేలడం లేదు.

"ఇంతకీ మనకు జనం తగ్గారా నాన్నా?"

"తగ్గలేదమ్మా. కానీ ఆ లైట్లు చూస్తుంటే తగ్గకుండా ఎలా ఉంటారా అనిపిస్తోంది. నువ్వు చూసి చెప్పు. నీ చదువు రాయించుకోమంటే రాయించుకుంటా, వద్దంటే తాళం ఇచ్చేస్తా. నాకింకో ఆలోచన లేదు."

ఆ మాటకు అమ్మాయి గుండె బరువెక్కింది. అందుకే ఆ పనిని ఎవరూ చేయనంత శ్రద్ధగా చేయాలని నిశ్చయించుకుంది. ఆ శ్రద్ధే లేకపోతే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

కాలేజీలో మేడమ్ చెప్పిన సూత్రాలు రెండు. ఒకటి, ప్రత్యర్థిని బయటినుంచి కాదు, లోపల కూర్చుని గమనించాలి. అదీ ఒక్కరు కాదు, వేర్వేరు వయసులవాళ్ళు. రెండు, ఇది పరిశోధన అని బయట ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే జనం మామూలుగా ఉండరు, ఫలితం పాడవుతుంది.

"నా నోట్లోంచి ఒక్క ముక్క రాదు," అని హోటలాయన మాటిచ్చాడు. వీధిలో ఆయన మాటంటే మాటే.

వేర్వేరు వయసులవాళ్ళంటే ఇంట్లో ఉన్నది అమ్మ, మేనత్త. అమ్మ వంటగది వదిలి రానంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, సాయంత్రం పొయ్యి వెలిగించేలోపు వెళ్ళొచ్చేద్దామని ఒప్పించారు. మేనత్తను ఒప్పించాల్సిన పని లేకపోయింది. ఆవిడ అప్పటికే చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది.

"చదువు కోసం ఆ మాత్రం చెయ్యకపోతే మేనత్తనెందుకయ్యానే?" అంది.

ఎర్రబోర్డులో అడుగు పెట్టగానే చల్లటి గాలి తగిలింది. నోట్సు రాసుకోవడానికి వెలుతురు బాగుంటుందని అమ్మాయి అద్దం పక్క టేబుల్ ఎంచుకుంది. ముగ్గురూ వీధిలో అందరికీ కనిపించేలా, షోరూములో బొమ్మల్లా కూర్చున్నారు. నెత్తిమీద టోపీ పెట్టుకున్న మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చి, మెరిసిపోతున్న టేబుల్‌ను మళ్ళీ తుడిచాడు.

"ఏమే, ఇంత పెద్ద హాల్లో మనం తప్ప ఎవరూ లేరేంటే?" అంది మేనత్త.

"అదే వీళ్ళ గొప్పతనం అత్తా. తోపులాట లేదు, అరుపులు లేవు. ప్రశాంతత." అమ్మాయి ఆ మాట రాసుకుని కింద గీత గీసింది.

"మన దగ్గరైతే కూర్చోడానికి చోటుండదు కదా పాపం," అంది అమ్మ నొచ్చుకుంటూ.

"అవునమ్మా. అదే మన బలహీనత." దాన్నీ రాసుకుంది.

వేయించిన కోడికాళ్ళు వచ్చాయి. అమ్మ ఒక ముక్క కొరికి, ఇందులో ఏం వేశారో కనిపెట్టాలని కళ్ళు మూసుకుని నమిలింది. బయటినుంచి చూసేవాళ్ళకు ఆవిడ పరవశించిపోతున్నట్టుంది. మేనత్త పరిశోధనకు ఒక ముక్క చాలదని ఇంకో రెండు తెప్పించుకుంది. చల్లగాలికి మోకాళ్ళ నొప్పి తగ్గినట్టుందని రోజూ వస్తానంది. వచ్చింది కూడా.

గురువారం నాటికి టైలరు ఆగలేకపోయాడు. ఆయన కొట్టు ఎర్రబోర్డు పక్కనే. మధ్యాహ్నం భోజనం మాత్రం ఏళ్ళ తరబడి మూల హోటల్లోనే. ఆ రోజు విస్తరి ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి పెట్టలేదు.

"అన్నా, అడగొచ్చో లేదో గానీ... వదిన, అక్కయ్య, అమ్మాయి రోజూ ఆ ఎర్రబోర్డులో తింటున్నారేంటి?"

హోటలాయన ఇరకాటంలో పడ్డాడు. అబద్ధం చెప్పి ఎరగడు. నిజం చెప్పనని కూతురికి మాటిచ్చాడు. ఈ రెంటి మధ్యా దొరికిన మాట పట్టుకున్నాడు.

"అదా... అదేం లేదోయ్. వాళ్ళకు ఈ మధ్య మన తిండి పడట్లేదు."

టైలరు విస్తరి వంక చూశాడు. తర్వాత హోటలాయన ముఖం వంక చూశాడు. "పడట్లేదా?"

"ఆరోగ్యం కదా. జాగ్రత్తగా ఉంటున్నారు." తెలివిగా తప్పించుకున్నానని హోటలాయన నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఆ చెమటను కూడా టైలరు చూశాడు.

టైలరు చెడ్డవాడు కాదు. మందుల షాపాయనతో ఒక్కడితోనే చెప్పాడు, అదీ ఎవరితోనూ అనొద్దని. మందుల షాపాయన మందులు కొనడానికొచ్చిన వాళ్ళను మాత్రమే హెచ్చరించాడు. సాయంత్రానికి వీధి వీధంతా చెవులు కొరుక్కుంటోంది. తిండి పడట్లేదన్నది నూనె మంచిది కాదట అయింది. ఆ నూనె కాస్తా మర్నాటికి, ఇంటిల్లిపాదీ డాక్టరు చుట్టూ తిరుగుతున్నారట అయింది. ఇక తినేదెక్కడ? హోటల్ వాళ్ళ ఆడవాళ్ళే నమ్మి తింటున్న చోటు ఎదురుగానే ఉంది.

శనివారం మధ్యాహ్నం మూల హోటల్లో సర్వరు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. ఎర్రబోర్డులో నిలబడడానికి చోటు లేదు. అద్దం పక్క టేబుల్ మేనత్తకు దక్కలేదు. ఆవిడ నిలబడే తింటూ, "నీ ప్రశాంతతకేమైందే?" అంది.

అమ్మాయికి మాత్రం కళ్ళల్లో మెరుపు. పుస్తకాల్లో చదివిన మార్పు కళ్ళముందే జరుగుతోంది! తమ పాత గిరాకీలనే టేబుల్ టేబుల్ దగ్గరా ఆగి అడిగింది.

"బాబాయ్, మీరు ఇక్కడికి ఎందుకొస్తున్నారు? రుచా, శుభ్రతా?"

మందుల షాపాయన తలకొట్టేసినట్టయి తల దించుకున్నాడు. "నువ్వే అడిగితే ఏం చెప్పనమ్మా? నీకు తెలియందా?"

"మొహమాటం వద్దు బాబాయ్, చెప్పండి."

"శుభ్రత," అన్నాడాయన జాలిగా.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మాయే అంది, ఇంక ఆలస్యం చేస్తే లాభం లేదని. మన శుభ్రత మీద నమ్మకమన్నది మాటల్లో చెబితే రాదు, కంటికి కనిపించాలి. హోటలాయన తన హోటల్లో, గుమ్మానికి ఎదురు టేబుల్ మీద, వీధిలో జనం తిరిగే వేళల్లో, అందరూ చూస్తుండగా తినాలి.

"ఎన్నిసార్లు?" అన్నాడాయన.

"జనం కనిపించినప్పుడల్లా నాన్నా."

"ఆయనకసలే గ్యాసు," అంది అమ్మ.

"ఒరేయ్ తమ్ముడూ, ఆ తిండి నువ్వు తినొద్దురా, నా మాట వినరా," అంది మేనత్త.

హోటలాయన ఎవరి మాటా వినలేదు. కూతురి చదువు మీద అంత గురి. ఆదివారం పొద్దున్నే టేబుల్ ఎక్కినంత పని చేశాడు. వీధిలో పదిమంది కనిపిస్తే చాలు, కొత్త విస్తరి వేయించుకునేవాడు. ముద్ద ఎత్తి, వీధివైపు తిరిగి, నవ్వి, నోట్లో పెట్టుకునేవాడు. నిండిన కడుపుతో నవ్వడం ఎంత కష్టమో ఆయన ముఖమే చెప్పింది. చూసినవాళ్ళకు బలవంతాన మందు మింగుతున్నట్టుండేది.

మంగళవారం సాయంత్రం, ఆఫీసులు వదిలి వీధి కిటకిటలాడే వేళ, ఆయన ముద్ద ఎత్తి, నవ్వబోయి, కడుపు పట్టుకుని విస్తరి మీదికే వాలిపోయాడు.

అంబులెన్సు వచ్చి సరిగ్గా హోటల్ బోర్డు కింద ఆగింది. దాని దీపం తిరుగుతుంటే వీధంతా ఎర్రగా, నీలంగా మారుతోంది. జనం మూగారు. స్ట్రెచరు వెంట మేనత్త గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"ఆ తిండి తినొద్దురా తినొద్దురా అని నెత్తీ నోరూ కొట్టుకున్నానురా తమ్ముడూ! వింటే కదా!"

ఇంకా అనుమానం మిగిలిన ఒకరిద్దరికి కూడా ఆ కేకతో తీరిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు కడుపు నొక్కి చూసి, "ఏం లేదు, మోతాదు మించి తిన్నారు. ఎవరైనా బలవంతం చేశారా?" అన్నాడు. హోటలాయన కూతురి వంక చూసి, "లేదండీ, నా ఇష్టమే," అన్నాడు. ఆ వారంలో ఆయన తడుముకోకుండా ఆడిన అబద్ధం అదొక్కటే.

మర్నాడు అమ్మాయి మేడమ్ చెప్పిన రెండో సూత్రాన్ని పక్కన పెట్టేసింది. కొట్టు కొట్టుకీ వెళ్ళి, ఇదంతా తన ప్రాజెక్టు అని, నాన్న వంటలో ఏ లోపం లేదని, తప్పంతా తనదేనని చెప్పింది. చెబుతూ ఏడ్చింది కూడా. టైలరు కుట్టు మిషను ఆపి, మంచినీళ్ళిచ్చి, ఓపికగా విన్నాడు.

"చదువుకున్న పిల్లవి తల్లీ. నాన్న పరువు కాపాడాలని ఎంత కథ అల్లావు! నాకూ ఉన్నాడు ఓ కొడుకు, ఎందుకు?" అన్నాడు.

"కథ కాదు బాబాయ్, నిజం."

"నిజమే తల్లీ, నిజమే. నేనెవరికీ చెప్పనులే."

ఆ సాయంత్రం ఆయన పళ్ళు తీసుకుని హోటలాయన్ను చూడ్డానికి ఇంటికి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని చాలాసేపు కబుర్లు చెప్పాడు. అమ్మ టీ తెచ్చిస్తే, ఇప్పుడే తాగొచ్చానమ్మా అని కప్పు కింద పెట్టేశాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ చేతి టీ వద్దనడం అదే మొదలు. ఆయన వెళ్ళాక హోటలాయన ఆ కప్పు తీసుకుని, చల్లారిన టీ తానే తాగేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నెలాఖరుకు ముందురోజు ఖాళీ హోటల్లో తండ్రీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఉండగా, టోపీ మేనేజరు వీధి దాటి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"మీకు కృతజ్ఞతలు చెప్పకపోతే నేను మనిషినే కాదండీ," అన్నాడు.

"దేనికి?" అంది అమ్మాయి.

"మా బ్రాంచి ఈ నెలాఖరుకు ఎత్తేద్దామనుకున్నారండీ. తెరిచిన దగ్గర్నుంచీ పురుగు కూడా రాలేదు. అందరూ మీ దగ్గరికే. నేను సామాను కూడా సర్దేశా, ఇంట్లో ఉద్యోగం పోతోందని చెప్పేశా. అప్పుడు మీరొచ్చారు. మొదట మీ ముగ్గురే, తర్వాత వీధి వీధంతా! హెడ్డాఫీసు వాళ్ళు నమ్మలేక మళ్ళీ మళ్ళీ అడిగారు, ఏం చేశావయ్యా అని. నేనేం చెయ్యలేదు సార్, ఎదురు హోటల్ వాళ్ళు పెద్ద మనసున్నవాళ్ళు అని చెప్పా."

తండ్రీకూతుళ్ళ ముఖాలు వాడిపోవడం చూసి అతను ఇంకో మంచి మాట చెబుదామనుకున్నాడు.

"ఇప్పుడు మాకు చోటు చాలట్లేదండీ. సామాను పెట్టుకోడానికి ఈ షాపు ఇస్తారా అని మావాళ్ళు మీ బిల్డింగాయన్ను అడిగారు. మీరు రాయించుకోకపోతేనే ఇస్తానన్నారట. తొందరేం లేదండీ, రేపు చెప్పినా సరే." నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

హోటలాయన ఎదురుగా ఉన్న అద్దాల గోడ వంక చూశాడు. తర్వాత, అలవాటు తప్పకుండా, చేతులు కట్టుకున్నాడు.

"చెప్పమ్మా. ఎలా పోటీ పడాలని తేలింది?"

అమ్మాయి తల వంచుకుంది. "అసలు పోటీ పడకుండా ఉండాల్సింది నాన్నా. మన పని మనం చేసుకుంటూ ఈ ఒక్క నెల ఊరుకుని ఉంటే చాలేది."

"మరి ఇప్పుడు? రాయించుకోమంటావా?"

ఎదుటి మనిషి నొచ్చుకున్నా సరే ఫలితాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలని ఆమెకు నేర్పారు. ఆమె చెప్పింది. హోటలాయన లేచి, సర్వరుకు, వంటింట్లో ఉన్న భార్యకు ఆ మాట చెప్పి, తాళంచెవి తీసుకుని బిల్డింగాయన ఇంటికి నడిచాడు.

వంటగది ఉన్న చోట ఇప్పుడు ఎర్రబోర్డు వాళ్ళ అట్టపెట్టెలూ కాగితపు గ్లాసులూ పేర్చి ఉన్నాయి. కాలేజీలో ఆ ప్రాజెక్టుకే మొదటి బహుమతి వచ్చింది. ఫలితం ఇంత స్పష్టంగా కనిపించిన పరిశోధన ఆ ఏడాది ఇంకొకటి లేదట.